నడిమి కుర్చీ

2023 జూలై 9, ఆదివారం

పొద్దున ఆరింటికి మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి, కల్వకుర్తిలో మారి, దేవరకొండలో దిగేసరికి పది దాటింది. నడుము విరిగింది. దారి పొడుగునా కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నా గాలి హోరు పెద్దగా వినిపించలేదు. ఈ మధ్య బస్సులు మంచివే వేస్తున్నారు.

ఏసోబు బస్టాండుకే వచ్చి నిలబడ్డాడు. మా స్పీకర్ల వాట్సాప్ గ్రూపులో చేరి ఏడాదైనా మనిషిని చూడటం ఇదే మొదలు. అరవై ఏళ్లుంటాయి. నలభై ఏళ్లు మైక్‌సెట్ నడిపి, ఇప్పుడు చర్చిలో మైకులు చూసుకుంటున్నాడు. ఇవాళ ఆదివారం కదా అంటే, "పాస్టర్‌కు చెప్పొచ్చిన సార్. శివకుమార్ సార్ మా ఇంటికొస్తాండంటె పోకుంట ఉంటనా?" అన్నాడు. నా చేతిలో సంచి లాక్కుని తనే మోశాడు. వద్దన్నట్టు అన్నాను గానీ గట్టిగా అనలేదు.

మర్యాదంటే అతని దగ్గర నేర్చుకోవాలి. గ్రూపులో పదిహేడు మందిమి ఉన్నాం, అందరం సొంతంగా స్పీకర్లు కట్టుకునే పిచ్చివాళ్లమే, ఒకరింటికొకరు పోయి వింటూనే ఉంటాం. కానీ నేను పెట్టిన నియమం ఎవడు పాటిస్తున్నాడు? వచ్చినవాడు రెండు స్పీకర్లకు ఎదురుగా, నడిమి కుర్చీలో కూర్చోవాలి. ఇంటివాడు వెనకాల నిలబడి, విన్నవాడు నోరు విప్పేదాకా మాట్లాడకూడదు. మొన్న జడ్చర్లలో ఆ బ్యాంకు మేనేజరు పాట సగంలోనే "ఎట్లుంది, ఎట్లుంది" అని నా ప్రాణం తీశాడు. ఏసోబు మాత్రం చేతులు కట్టుకుని నా వెనకాల అట్లాగే నిలబడ్డాడు.

ఒకటే గది. పైన రేకులు, వాటి కింద థర్మాకోల్. పాత తలుపు చెక్కలతో చేసిన రెండు పెట్టెలు నా నడుమెత్తు ఉన్నాయి. లోపల మూతబడ్డ సినిమా టాకీసు తెర వెనకనుంచి తెచ్చిన పన్నెండు అంగుళాల స్పీకర్లు, మోగే కోను కాగితంతో చేసినవి. అటువంటి జోడీ ఇప్పుడు ఎక్కడా దొరకదు. నాకు అసూయ పుట్టింది. నా డైరీలో నేను రాసుకోవడానికి సిగ్గెందుకు, పుట్టింది.

వేసింది క్యాసెట్టు. గోడ మీద ఫొటోలో ఉన్నావిడ, పుష్ప, అతని భార్య. పోయి రెండేళ్లయింది. 1998లో ఆమె చర్చిలో పాడుతుంటే తనే రెండు మైకులు పెట్టి టేపు మీద పట్టుకున్న కీర్తనలట. గొంతు లేవగానే నాకు ఒళ్లు జలదరించింది. అంత నిండైన గొంతు. కానీ ఏదో తేడా. మొత్తం ఎడమ పక్కకు ఒరిగిపోయింది. కుడి పెట్టె నుంచి మూలుగు తప్ప ఏమీ లేదు.

పాట అయ్యాక అడిగాను. "ఏసోబూ, ఆమె పాడేటప్పుడు యాడ నిలవడ్డది?"

"కుడిదిక్కు సార్. గుంజ పక్కపొంటి. ఎప్పుడూ ఆడనే."

"నాకు ఎడమదిక్కున వినవడుతున్నది. నీ కుడి డబ్బ సచ్చింది."

"నాకు కుడిదిక్కే వినవడ్తది గద సార్. దినాం ఇంట గద."

"దినాం వింటే గట్లనే అయితది. నీ మనసు వింటున్నది, చెవి కాదు."

మంచి మాట అన్నాను. అప్పటికప్పుడు వచ్చింది. అతను కుడి పెట్టె వైపు చూసి, "మీరన్నంక ఇంకేముంది సార్" అన్నాడు.

ఈ టేపుకు కాపీ ఉందా అని అడిగితే లేదన్నాడు. "ఫోన్ల ఎక్కిచ్చిన పాట పీనుగ లెక్క అని మీరే రాసిండ్రు గద గ్రూపుల. ఇంగ నేనెందుకు ఎక్కిస్త?" రాశాను నిజమే. ఒక మనిషి అంత గుర్తుపెట్టుకున్నందుకు సంతోషమేసింది.

కోడికూర వండాడు, అన్నం తిని పొమ్మన్నాడు. బస్సుకు టైమవుతోందని చెప్పి ఒక అరటిపండు తిన్నాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

జూలై 11

గ్రూపులో రాశాను: "ఏసోబు గారి పెట్టెలు జిల్లాలోనే మేటివి. అయితే కుడి యూనిట్ పూర్తిగా దెబ్బతిన్నది. వారు దాన్ని గమనించకపోవడం ఆశ్చర్యం." పన్నెండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. సార్ చెవి బంగారం అని ఒకడు. ఏసోబు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

జూలై 16, ఆదివారం

నా స్పీకర్లు పెట్టుకుని విన్నాను. కుడివైపు తగ్గింది. తీగలు అటువి ఇటు మార్చాను. అయినా కుడివైపే తగ్గింది. ఆంప్లిఫయర్ మార్చాను. కుడివైపే. పెట్టెలనే అటుదిటు, ఇటుదటు జరిపాను. కుడివైపే.

కాలేజీలో నా ఫిజిక్స్ పిల్లలకైతే ఇదొక లెక్కగా ఇచ్చేవాణ్ని. అన్నీ మార్చినా మారనిది ఏది, చెప్పండి అని.

బీరువాదే తప్పు. పోయిన నెల మా ఆవిడ మంజులత దాన్ని కుడి గోడకు జరిపించింది. ఇనుప బీరువా శబ్దాన్ని మింగేస్తుంది. దాన్ని జరపమంటే ఆమె, "ఇనుప బీరువా ఎప్పటిసంది మింగుడు మొదలువెట్టింది? జూన్ల జరమొచ్చినప్పటిసంది మీకే సగం మాట వినవడ్తలేదు" అంది. ఆమెతో వాదన పెట్టుకుంటే పొద్దు గడవదు.

జూలై 19

ఏసోబు ఫోన్ చేశాడు. కుడి పెట్టె విప్పాడట. కాయిల్ తీసి తుడిచి మళ్లీ పెట్టాడట. నా ఫోన్ రిసీవర్ పాడైంది, సగం మాటలు మింగుతోంది. ఎడమ చెవికి మార్చుకున్నాక బాగానే వినిపించింది.

"ఇప్పుడు సుత సక్కగనే అనిపిస్తాంది సార్. కని మీరు తప్పంటరా? ఇంకా లోపట ఏదో ఉంటది."

జాగ్రత్త, కోన్ చిరుగుతుంది అని చెప్పాను. చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పే ఉంటాను.

జూలై 24

కుడి చెవిలో ఒకటే కీచు. వానాకాలం, బయట పురుగులు.

జూలై 25

కిటికీలు మూసినా ఉంది.

ఆగస్టు 2

క్లాసులో తరంగాల పాఠం. కుడివైపు బెంచీ నుంచి ఒకమ్మాయి ఏదో అడిగిందట, నేను చూడలేదు. మళ్లీ అడిగిందట. మూడోసారికి క్లాసంతా నవ్వింది. వెనక్కి తిరిగి "ఎందుకు నవ్వుతున్నరు?" అని అరిచాను. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి "డౌటు సార్" అంది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నా క్లాసు నా మీద నవ్వింది లేదు. తల కొట్టేసినట్టయింది.

మంజులతకు చెప్పకూడదనుకున్నా, చెప్పాను. ఆమె నా కుడిపక్కకొచ్చి ఏదో అంది. ఏమంటున్నవు అన్నాను. "శనారం దవాఖానకు పోదాం అంటున్న" అని ఎడమపక్కకొచ్చి అంది. కళ్లనిండా నీళ్లు.

ఆగస్టు 5, శనివారం

గాజు కిటికీ ఉన్న చిన్న గది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి దీప్తి, ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఎడమ చెవి పరీక్ష ఇట్టే అయిపోయింది. వయసుకు మించి బాగుంది అంది.

కుడి చెవి మొదలైంది. నిశ్శబ్దం. ఆ అమ్మాయి ఎడమ చెవికి శబ్దాలిచ్చినప్పుడు మూడు నాలుగు సెకన్లకోటి వచ్చింది, అది నేను లెక్కపెట్టి ఉంచాను. ఆ లెక్కనే మీట నొక్కుతూ కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు, నొక్కు. ఒకటి, రెండు, మూడు, నొక్కు.

ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి నెమ్మదిగా, "సార్, నేను ఇంకా సౌండ్ స్టార్టే చెయ్యలేదు" అంది.

నా పరీక్షల్లో కాపీ కొడుతూ దొరికిన పిల్లల ముఖాలు ఎన్ని చూశానో. ఇవాళ నా ముఖం ఆ పిల్ల చూసింది.

కుడి చెవి నరం పోయింది. ముప్పావు భాగం పైనే. జూన్ జ్వరంతోనే పోయి ఉంటుంది అన్నాడు డాక్టరు. మొదటి రెండు వారాల్లో వచ్చుంటే మందులతో కొంత వెనక్కి వచ్చేది, ఇప్పుడు లాభం లేదు అన్నాడు.

జూన్. నేను దేవరకొండ పోయింది జూలై తొమ్మిదిన.

ఏసోబుకు ఫోన్ చెయ్యాలి. ఇవాళే చెయ్యాలి.

ఆగస్టు 6

చెయ్యలేదు. ఆదివారం, చర్చిలో ఉంటాడు.

ఆగస్టు 7

కాలేజీలో మీటింగు.

ఆగస్టు 9

అతనే చేశాడు. పాత కోన్ చిరిగిందట. హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించి బిగించాడట. "ఇప్పుడు నిజంగనే తేడా వచ్చింది సార్. రెండు డబ్బలు రెండు తీర్ల మాట్లాడ్తున్నయి. అయినా ఆమె నాకు కుడిదిక్కే వినవడ్తది. మీరన్నది నిజమే, నా చెవులే ఖరాబైనయి. పాస్టర్‌కు చెప్పిన, ఇంగ చర్చిల మైకులు నేను పట్టనని. చెవులు లేనోనికి మైకెందుకు సార్?"

ఇప్పుడు చెప్పు అని లోపల నుంచి ఒకటే పోరు. నోట్లోంచి వచ్చిన మాట: "తొందరపడకు ఏసోబూ. మెల్లగ చూద్దాం."

"గుర్వమ్మ సుత గదే అంటది సార్, మా అక్క. ఫికర్ చెయ్యకు, మెల్లగ అయితదని. దినాం టేపు ఏస్తనే ఉన్న. పట్టుకుంట తప్పెక్కడుందో."

ఫోన్ పెట్టేశాక చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో తెలియదు.

ఆగస్టు 10

మంజులత వినేసింది నిన్నటి ఫోను. అన్నం ముందు కూర్చున్నప్పుడు మొదలుపెట్టింది.

"ఇంకా ఎందుకు చెప్తలేరు?"

"చెప్త. టైం చూసి చెప్త."

"చెవి పోయిందని చెప్పుకునుడు మీకు నామోషి. గదే గద?"

అట్లా కాదు, అతను బాధపడతాడు, మనిషి అసలే ఒంటరి, ఇట్లాంటివి ఫోన్లో చెప్పేవి కావు అన్నాను.

ఆమె కంచం పక్కకు జరిపింది. "ఒక్క మాట అడుగుత, నిజం చెప్పండ్రి. మీరు పోయి కూసున్నరు, కుడి డబ్బ సచ్చింది అన్నరు. నలభై ఏండ్లు మైకులు నడిపినోడు తన చెవినే కాదనుకున్నడు. అదే ఏసోబు మనింటికొచ్చి, మీ కుర్చీల కూసోని, సార్ మీ డబ్బ సచ్చింది అంటె, మీరు విప్పుతురా?"

ఒళ్లు మండింది. లేచి వచ్చేశాను. విప్పుతానా?

నీ చెవులు పోయినయేమో చూపించుకో అనేవాణ్ని.

ఆగస్టు 13

నియమం నేను పెట్టిందే కదా. ఇంటివాడు మాట్లాడకూడదు.

ఆగస్టు 15

జెండా వందనానికి పోయి వచ్చాను. జడ్చర్ల మేనేజరు గ్రూపులో అడిగాడు: "ఏసోబు అన్న డబ్బా బాగైందా?" ఏసోబు రాశాడు: "బాగు కాలేదు. తప్పు నాదే. సార్ చెప్పిందాకా తెలుసుకోలేదు."

నేను టైప్ చేశాను: తప్పు డబ్బాది కాదు, నా చెవిది. రెండుసార్లు చదువుకున్నాను. చెరిపేశాను. పదిహేడు మంది చూస్తారు. ముందు మనిషికి చెప్పాలి, తర్వాత గ్రూపుకు. అదే పద్ధతి. ఆదివారం పోతాను.

ఆగస్టు 18

ఆదివారం పోతాను.

ఆగస్టు 20, ఆదివారం

పోయి వచ్చాను. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

బస్సులో కుడి కిటికీ దగ్గరే కూర్చున్నాను. గాలి హోరు లేదు.

చెప్పకుండా వెళ్లాను. పదిన్నర. చర్చిలో ప్రార్థన జరుగుతోంది, ఏసోబు ఇంట్లోనే గడప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లుంగీ సవరించుకుంటూ లేచాడు. అంతలో చర్చి మైకు కూత పెట్టింది, చెవులు చిల్లులు పడేలా. ఏసోబు కళ్లు గట్టిగా మూసుకుని, చేత్తో గాలిలోనే ఏదో మీట తగ్గించాడు. ఆ కూత ఆగి మళ్లీ సన్నగా మొదలైంది. నాకది ఒక ఈల, అంతే. అతనికి ఏ మైకో తెలుసు. "నడిమిది" అన్నాడు తనలో తాను. ఆ చెవులు ఖరాబైనవని నేను నమ్మించాను.

లోపల కుడి పెట్టెకు కొత్త నల్ల కోను. పాతది గోడకు ఆనించి ఉంది, అంచు నుంచి నడుమదాకా చిరిగి, జిగురు పూసిన కాగితం ముక్కలతో. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "పుష్పమ్మ టేపు వెయ్యి ఏసోబూ" అన్నాను. ఆమె పాట విన్నాక చెబితే తేలికవుతుందనుకున్నాను.

"లేదు సార్."

"లేదంటే?"

"పాతది గద సార్, ఇరవై అయిదేండ్లది. తప్పెక్కడుందోనని దినాం ముప్పై సార్లు తిప్పిన. తిప్పంగ తిప్పంగ గొంతు సన్నగయింది. అగో, సార్ చెప్పిన తప్పు ఇప్పుడు నాకు సుత దొరికింది అనుకున్న. సంబురపడి ఇంకా ఎక్కువ తిప్పిన. టేపు పొడి రాలుతాందని సమజ్ కాలే. ఆకరుకు క్యాసెట్ డెక్కు దాన్నే నమిలేసింది."

"ఎప్పుడు?"

"నిన్న శనారం కాదు, దాని ముందటి శనారం."

పన్నెండో తారీకు. నాకు తెలిసింది ఐదున. మధ్యలో ఏడు రోజులున్నాయి, అందులో ఒకరోజు అతనే ఫోన్ చేసి దినాం టేపు ఏస్తున్న అని కూడా చెప్పాడు. నేను మెల్లగ చూద్దాం అన్నాను.

ఫొటో ముందు ఒక పాలిథిన్ కవరులో ఆ టేపు ఉంది. ముడతలు ముడతలుగా, పిడికెడు. నడిమి కుర్చీలో కూలబడ్డాను.

చెప్పేశాను. జూన్ జ్వరం, గాజు గది, డాక్టరు, ఐదో తారీకు, అన్నీ. "నీ డబ్బకు ఏం కాలేదు ఏసోబూ. నీ చెవులకు ఏం కాలేదు. సచ్చింది నా చెవి" అన్నాను. ఏడ్చాను కూడా. యాభై నాలుగేళ్లొచ్చి పరాయి ఇంట్లో ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

అతను గ్లాసుతో నీళ్లిచ్చి నవ్వాడు. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

"ఎంత మంచోళ్లు సార్ మీరు! నేను పరేషాన్ అయితున్నని గింత దూరమొచ్చి, మీ మీదేసుకుంటుండ్రు."

"అబద్ధం కాదు. ఇగో, దవాఖాన కాయితం."

"కాయితాలకేమున్నది సార్. మీ చెవి నాకెర్క లేదా? జిల్లా అంతట ఎర్క."

ఒట్టేశాను. నా తీర్పు ఒక్క పాట వినేసరికి నమ్మాడు. నా నిజం ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. ఇంకేం చెయ్యాలో తోచక అతని చెయ్యి పట్టుకుని, అరచేతిని నా ఎడమ చెవికి అదిమి పెట్టుకున్నాను. "కుడి చెవిల ఏమన్న చెప్పు. మెల్లగ. ఏదన్న సరే."

అతను నా వెనకనుంచి కుడిపక్కకు వంగాడు. ఊపిరి వెచ్చగా తగిలింది. మొదలుపెట్టాడు. చిన్న మాట కాదది. మధ్యలో ఒకసారి ఊపిరి ఆగి మళ్లీ వచ్చింది. చెంప మీద ఒక చుక్క పడింది, అది నాది కాదు. నాకు కీచు ఒక్కటే వినబడింది.

చెయ్యి తీశాడు. ముందుకొచ్చి నా ముఖంలోకి చూశాడు. వచ్చినప్పటి నుంచి అంత సూటిగా చూడటం అదే.

"ఏమన్న నేను?"

"తెలియదు ఏసోబూ. వినవడలేదు."

"ఒక్క ముక్క సుత?"

"ఒక్క ముక్క కూడా."

కవరులో టేపు వైపు చూశాడు. చిరిగిన కోను వైపు చూశాడు. "అయితె నిజమే" అన్నాడు.

"ఏమన్నవు? చెప్పు. ఏదన్న సరే, నేను పడత."

తల అడ్డంగా ఊపాడు. "మీరు ఇనే చెవిల అనేటి మాట కాదు సార్ అది." ఇంకో పక్కకు తిరిగి కిందపడ్డ వైరు చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. మోచేతికీ బొటనవేలికీ మధ్య, మైక్‌సెట్ వాళ్లు చుట్టినట్టు, ఒక్క మెలిక పడకుండా. అది పూర్తిగా చుట్టి గుంజకు తగిలించాక, నా వైపు చూడకుండానే అన్నాడు.

"బస్సు మూడున్నరకుంది. అన్నం తిని పోండ్రి."

పప్పు, మామిడికాయ తొక్కు. కంచం నా ముందు పెట్టి తను గడప మీదికి పోయి కూర్చున్నాడు. తిన్నాను.